డాక్యుమెంటరీలు తీస్తానంటోంది... పంపమంటారా?

ప్రశ్న: మాది నిజామాబాద్ జిల్లా. అమ్మాయి బీకాం ఫైనలియర్. లాంపెడూసా దీవికి పడవల్లో వచ్చే వలసదారుల మీద తీసిన ‘ఫైర్ ఎట్ సీ’ చూసినప్పటి నుంచి డాక్యుమెంటరీలే తీస్తానంటోంది. పదకొండేళ్లు దుబాయ్‌లో కష్టపడి చదివించాను. ఇందులో కూడు దొరుకుతుందా అని టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు కూడు సంగతే మాట్లాడదాం. మన దగ్గర డాక్యుమెంటరీలు మాత్రమే తీసి ఇల్లు గడిపేవాళ్లు తక్కువ. చాలామంది ఎడిటింగో, కెమెరానో, సౌండో నేర్చుకుని యాడ్స్‌కీ చానళ్లకీ పనిచేస్తారు. మిగిలిన టైమ్‌లో సొంత సినిమా తీసుకుంటారు. అందుకే డైరెక్షనే అని పట్టుబడితే ఎడిటింగ్ వైపు తిప్పి చూడండి. డిగ్రీ మాత్రం పూర్తి చేయాల్సిందే. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ (ఎఫ్‌టీఐఐ), కోల్‌కతా సత్యజిత్ రే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్, ఢిల్లీ జామియా యూనివర్సిటీలో మాస్ కమ్యూనికేషన్... వీటికి బీకాం అడ్డు కాదు. సౌండ్ కోర్సుకైతే ఇంటర్‌లో ఫిజిక్స్ అడుగుతుంటారు, నోటిఫికేషన్ చూసుకోండి.

ఇక ఆ సినిమా. లాంపెడూసా ఇటలీదే అయినా, ఆ దేశపు సిసిలీ దీవి కంటే ఆఫ్రికాలోని ట్యునీషియాకే దగ్గర. 2013 అక్టోబర్‌లో అక్కడ ఒక్క పడవ మునిగితేనే 360 మందికి పైగా చనిపోయారు. దర్శకుడు జాన్‌ఫ్రాంకో రోసి ఆ దీవిలో ఏడాదికి పైగా మకాం పెట్టాడు, కెమెరా తనే పట్టాడు. తీరా చూస్తే సినిమాలో చాలాసేపు ఉండేలు పట్టుకుని తిరిగే ఓ పిల్లాడే కనిపిస్తాడు! పడవలో వచ్చిన గర్భిణికి స్కానింగ్ చేస్తూ, కడుపులో కవలలున్నారని చెప్పడానికి భాష చాలక డాక్టర్ తంటాలు పడే సీను ఒకటుంది. ఒక్కపూట వెళ్లి కెమెరా పెడితే దొరికేది కాదది. 2016లో బెర్లిన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో టాప్ అవార్డు గోల్డెన్ బేర్ వచ్చింది సరే, మీ అమ్మాయికి అంత ఓపిక ఉందా అన్నదే నా అనుమానం.

ఆ పరీక్ష మీ ఇంట్లోనే పెట్టొచ్చు. వీసా మీద విమానమెక్కడమూ, ప్రాణాలకు తెగించి పడవెక్కడమూ ఒకటి కాదు, నిజమే. కానీ ఏజెంటుకు ఎంత కట్టారో, ఆ డబ్బు ఎంత వడ్డీకి తెచ్చారో, మొదటి జీతం ఎన్నాళ్లకు చేతికొచ్చిందో ఆమెకు ఎప్పుడైనా చెప్పారా? ఈ సెలవుల్లో ఫోన్‌తోనే మీ మీద పది నిమిషాల సినిమా తీయమనండి. మొదటిరోజు మీరే ‘ఏముందమ్మా చెప్పడానికి’ అని లేచిపోతారు. పదోరోజు కూడా ఆమె ఫోన్ పట్టుకుని వచ్చి మీ పక్కన కూర్చుంటే, అప్లికేషన్ ఫీజు కట్టేయండి.