పాత పెంకుటింటి అటక గదికి థర్మోకోల్ సీలింగ్ వేయిస్తే వేడి తగ్గుతుందా?

కొంత తగ్గుతుంది. ఆ కొంత కోసం మీరు పడబోయే తిప్పలు మాత్రం చాలా ఉన్నాయి. తాతగారి నాటి ఇల్లు అంటున్నారు, కాంట్రాక్టరు అడ్వాన్సు అడుగుతున్నాడు అంటున్నారు. ఆ అడ్వాన్సు ఇచ్చేముందు నా గోడు కాస్త వినండి.

మా అత్తగారిది గుడివాడ దగ్గరి పల్లెలో మండువా ఇల్లు. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చిన రాత్రి గాలికి కొప్పు లేచిపోతే మామగారు మళ్లీ నేయించారట. టేకు దూలాలు, వాటి మీద చెక్క అటక, ఆపైన వాసాలు, బెంగుళూరు పెంకు. అటకలో సగం ఖాళీ జాడీలకీ ఇత్తడి గంగాళాలకీ పోయింది. మిగిలిన సగం నా గది. ఆన్‌లైన్‌లో పిల్లలకు లెక్కలు చెప్పుకోవడానికి ఇంట్లో టీవీ మోత వినిపించని చోటు అదొక్కటే. ఉగాది వెళ్లిందంటే అందులో మధ్యాహ్నం పూట కూర్చోవడం మనిషి వల్ల కాదు.

మా మరిది ఉత్సాహవంతుడు. పట్నం నుంచి ఒక కాంట్రాక్టరును వెంటబెట్టుకొచ్చాడు. ఆయన వాసాల కింద ఫ్రేము కట్టి, అర అంగుళం మందం థర్మోకోల్ పలకలు పేర్చాడు. గాలి చొరబడితే ఫలితం ఉండదంటూ చూరు దగ్గరి సందులూ, కొప్పు పెంకుల కింది కన్నాలూ సిమెంటుతో పూడ్చేశాడు. గది ముచ్చటగా తయారైంది. చుట్టాలకు ఫొటోలు కూడా పంపుకున్నాం.

మధ్యాహ్నం వేడి కాస్త తగ్గిన మాట నిజం. రాత్రి మాత్రం నరకం. పల్చటి పెంకు పొద్దు వాలగానే చల్లబడుతుంది, పాత ఇంట్లో మిగిలిన వేడి సందుల్లోంచి పైకి పోతుంది. ఇప్పుడు పోయే దారి లేక అర్ధరాత్రి దాకా గదిలోనే తిష్ఠ వేసేది. పైగా ఎలుకలు. థర్మోకోల్ అంటే వాటికి ఎంత ఇష్టమో, పొద్దున లేచేసరికి దుప్పటి నిండా తెల్లటి పూసలు. ఇవి చాలవన్నట్లు కోతులు ఒక పెంకును పక్కకు జరిపిన సంగతి సీలింగ్ అడ్డం వల్ల ఎవరికీ తెలియలేదు. మే నెలలో గాలివాన కురిసిన సాయంత్రం, నేను భిన్నాలు చెబుతుండగా, నీళ్లు నిలిచిన పలక ఒకటి దబ్బున కిందికి వచ్చింది. అవతల పిల్లలు తెగ నవ్వారు.

మర్నాడు పెంకు సర్దడానికి మా ఊరి పెద్ద మేస్త్రిగారు వచ్చారు. డెబ్బై ఏళ్లు దాటిన మనిషి. వయసులో ఉన్నప్పుడు ఇళ్లు నేశారు, పెంకుటిళ్లు తగ్గిపోయాక కోళ్ల షెడ్ల పని చేశారు. పైకి చూసి, పెదవి విరిచి, నన్ను స్టూలు ఎక్కమన్నారు. పలక ఊడిన చోట అరచేయి పైకి పెట్టమన్నారు. పెంకుకు జానెడు దూరంలో పెట్టాను. తాకకుండానే చుర్రుమంది.

“వంటింట్లో చపాతీలు చుట్టే వెండి కాగితం ఉంటే తెప్పించమ్మా” అన్నారు.

మా అబ్బాయి చుట్ట మొత్తం తెచ్చాడు. ఆయన మూరెడు ముక్క చింపి, రెండు చేతులతో బిగలాగి, అటు పెంకునూ ఇటు నా చేతినీ తాకకుండా మధ్యలో పట్టుకున్నారు. అంతే! చురుకు అక్కడికక్కడ ఆగిపోయింది. కాగితం తీస్తే మళ్లీ చుర్రు, పెడితే ఏమీ లేదు. నమ్మలేక మళ్లీ మళ్లీ పెట్టించాను. మా అత్తగారు కూడా మోకాళ్ల నొప్పులు మరిచిపోయి స్టూలెక్కారు.

“కోళ్ల షెడ్ల వాళ్లకు ఇది ఎప్పటినుంచో తెలుసమ్మా. కోడి చస్తే డబ్బు పోతుంది. మనిషైతే విసనకర్రతో విసురుకుంటాడు” అన్నారాయన.

ఇందులో మాయ ఏమీ లేదు. వేడెక్కిన గాలి పైకి పోయేదే కాని కిందికి దిగదు. ఎండాకాలం పైకప్పు నుంచి మన నెత్తికి చేరే వేడిలో పెద్ద వాటా వేడెక్కిన పెంకు వెదజల్లే కిరణాలది. ఆ వెండి కాగితం, అంటే మెరిసే పల్చటి అల్యూమినియం రేకు, వాటిలో నూటికి తొంభై వంతులకు పైగా వెనక్కి కొడుతుంది. దాని మెరుపు ఎదుట గాలి ఖాళీ ఉండాలి, అదొక్కటే షరతు. పెంకుకు అతికించారా, డబ్బు దండగే. థర్మోకోల్ పనిచేసే తీరు వేరు. అందులో నూటికి 98 వంతులు గాలే. కదలని ఆ గాలి వేడిని ఆపుతుంది, కాబట్టి ఎంత మందం ఉంటే అంత ఫలితం. అర అంగుళం పలక ఏం ఆపుతుంది? రెండు అంగుళాలకు తక్కువైతే నా దృష్టిలో అది అలంకారమే.

సీలింగ్ మొత్తం పీకించాం. సిమెంటు కొట్టించి చూరు సందులు, కొప్పు కన్నాలు తెరిపించి, ఎలుకలూ ఉడతలూ దూరకుండా సన్నటి ఇనుప జాలీ బిగించాం. వాసాల అడుగున రేకు షీటు కొట్టించాం. దానికీ పెంకుకూ మధ్య వాసం మందమంత ఖాళీ ఉండి, గాలి చూరు దగ్గర ప్రవేశించి కొప్పులోంచి వెళ్లిపోతుంది. మెరిసే వైపు కిందికి ఉంచండి. మెరిసే ముఖం తాను వేడెక్కినా కిరణాలను కిందికి పెద్దగా వదలదు, కాబట్టి ఫలితం తగ్గదు. పైకి ఉంచితే రెండేళ్లలో దుమ్ము పట్టి మెరుపు పోతుంది. రేకు కింద రెండు అంగుళాలు వదిలి వెదురు తడికలు కట్టించాం. తడిక ఒకటి విప్పితే వాన చెమ్మ ఎక్కడుందో తెలిసిపోతుంది. ఇప్పుడు నడిమధ్యాహ్నం ఫ్యాను వేసుకుని పాఠం చెప్పుకోగలుగుతున్నాను.

మా ఆడపడుచు ఇప్పటికీ అంటుంది, ఇంత తతంగం ఎందుకు, ఏసీ పెట్టించుకోకూడదా అని. ఒక టన్ను ఏసీ గంట గంటకూ మూడున్నర యూనిట్ల కరెంటుకు సమానమైన వేడిని బయటికి తోడుతుంది. పెంకు సందులున్న గదిలో దాన్ని పెట్టడం చిల్లికుండలో నీళ్లు పోయడమే. ఇక పడగొట్టి స్లాబు వేయమనే బంధువులు ఉండనే ఉంటారు. స్లాబు పగలంతా ఎండ తాగి రాత్రంతా మన మీద కక్కుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల (ఎండను వెనక్కి కొట్టే తెల్ల రంగు లాంటి పూత వేసిన కప్పుల) విధానం తెచ్చి, 600 చదరపు గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకు తప్పనిసరి చేసిందంటేనే స్లాబుల సంగతి తెలుస్తుంది కదా! ఆ తెల్ల రంగు పూత పెంకు మీదా పనిచేస్తుంది. అయితే వేయడానికి పైకెక్కినవాడు నాలుగు పెంకులు పగలగొట్టకుండా దిగడు.

ఒక్క జాగ్రత్త. అల్యూమినియంలో కరెంటు పారుతుంది. పాత ఇళ్లలో వాసాల వెంట చెక్క పట్టీల్లో నడిపిన తీగలుంటాయి, వాటి తొడుగు ఎండిపోయి పెళుసెక్కి ఉంటుంది. ముందు వాటిని మార్పించి, ఆ తర్వాతే రేకు కొట్టించండి. థర్మోకోలే వేస్తానన్నా ఇది తప్పదు, నిప్పంటుకుంటే అది కరిగి మండుతూ నెత్తిన పడుతుంది.

పని సంక్రాంతి తర్వాత మొదలుపెట్టి శివరాత్రికల్లా ముగించండి. మే నెలలో మేస్త్రులు దొరకరు. వానలకు ముందు ఊరంతా పెంకు సర్దించుకునేది అప్పుడే, ఎంత బతిమాలినా మీ అటక ఎక్కేవాడు ఉండడు.