కుటుంబ ప్రార్థనలో కునికిపాట్లు

ప్రశ్న: రాత్రి కుటుంబ ప్రార్థనలో మా ఎనిమిదేళ్ళ బాబు కునికిపాట్లు పడుతున్నాడండి. వాళ్ళ నాన్న గదమాయిస్తున్నారు. ఏం చెయ్యమంటారు?
– ఓ తల్లి, పాలకొల్లు

జవాబు: ముందు ప్రార్థన ఎంతసేపో చెప్పండమ్మా! మా ఇంట్లో ముప్పావుగంట. మావారి ప్రార్థన చుట్టాల ఊళ్ళన్నీ తిరిగొచ్చేసరికి పిల్లలు చాప మీదే నిద్రపోయేవారు. నేనూ గిల్లి లేపినదాన్నే, తప్పే. తర్వాత అన్నాలకి ముందుకి మార్చాం.

బైబిల్లో 117వ కీర్తన రెండే వచనాలు, దాంతో మొదలెట్టండి. బాబు చేతే చదివించండి. బైబిల్లోనే ద్వితీయోపదేశకాండం 6:7 దేవుడి మాటలు పిల్లలకి ఇంట్లో కూర్చున్నప్పుడే కాదు, దారిన నడిచేటప్పుడూ చెప్పమంది. మా చిన్నాడు కాలవగట్టు మీద సైకిల్ వెనక కూర్చుని, "యోనాని మింగిన చేప పులస కన్నా పెద్దదా?" అన్నాడు. ఇల్లు చేరేదాకా అదే కబురు.

మీవారికి మాత్రం ఈ జవాబు చూపించకండి, మెల్లిగా మీరే చెప్పండి.