కెన్యా సఫారీకి ఆపరేటర్‌ను కుదుర్చుకునే ముందు

బిడ్డా, పెద్దనాయన ఆశీస్సులు.

నువ్వు పంపిన మూడు కొటేషన్లు చూసిన. మూడింట్లోనూ పైసలు పెద్ద అక్షరాల్లో ఉన్నయి గానీ బండి పేరు లేదు, క్యాంపు పేరు లేదు. "డీలక్స్ క్యాంపు లేదా దానికి సమానమైనది" అని రాసినోడు రేపు మిమ్మల్ని ఏ డేరాలో దింపినా అడిగే హక్కు మీకుండదు. పేర్లు లేని కాయితానికి అడ్వాన్సు కట్టకు.

మన ఫర్హాబాద్ కాడ ఈ తిప్పలు లేవు. అటవీ శాఖే సఫారీ నడుపుతది, టికెట్ కొనుడు, బండెక్కుడు, అంతే. కెన్యా సంగతి వేరు. హైదరాబాద్ ఏజెంటు అమ్ముతడు, చాలాసార్లు ముంబైలనో ఢిల్లీలనో ఇంకొకరికి అప్పజెప్తడు, చివరికి మిమ్మల్ని తిప్పేది నైరోబీ కంపెనీ. నీకు కావాల్సింది ఆ చివరోడి పేరు. చెప్పనంటే ఫోన్ పెట్టెయ్. చెప్తే రెండు చూసుకో: కెన్యా టూరిజం రెగ్యులేటరీ అథారిటీ ఇచ్చిన లైసెన్సు ఈ ఏడాదిదేనా, కెన్యా టూర్ ఆపరేటర్ల సంఘం "కేటో" సభ్యుల పట్టికలో ఆ పేరు ఉందా. గైడు ఎవరో కూడా అడుగు. అక్కడి గైడ్ల సంఘం పరీక్ష పెట్టి బ్రాంజ్, సిల్వర్, గోల్డ్ అని మూడు మెట్లు ఇస్తది. సిల్వర్ గైడు దొరికితే అదృష్టమే.

ఇక బండి. రేటు తగ్గించేటోళ్లు ముందుగా కోత పెట్టేది ఇక్కడే. ఫొటోలో ల్యాండ్ క్రూజర్ చూపిస్తరు, పంపేది వ్యాను. దానికీ కప్పు పైకి లేస్తది కాబట్టి ఎక్కేదాకా తేడా తెల్వదు. మీరు పోయే మసాయి మారా జంతువుల రిజర్వు (మారా)లో చాలా మేర నల్లరేగడి. వాన పడ్డ తెల్లారి రేగడి చేన్ల ట్రాక్టర్ టైరుకు మట్టి ఎట్ల పట్టుకుంటదో నీకు చెప్పాల్సిన పని లేదు. అక్కడా అదే కథ: టైరు గాళ్లు మట్టితో నిండుతయి, వ్యాను చక్రాలు ఉన్నచోటనే తిరుగుతయి, ఇంకో బండి వచ్చి తాడు కట్టి గుంజేదాకా కూసోవాలె. పొద్దటి పూట అట్ల పోతే ఆ రోజు సఫారీ సగం పోయినట్టే. అందుకే "ఫోర్ బై ఫోర్ ల్యాండ్ క్రూజర్, మనిషికో కిటికీ సీటు, వేరేవాళ్లను ఎక్కించం" అని రాయించుకో. రోజుకిన్ని కిలోమీటర్లేనని పరిమితి ఉందా అడుగు. మీ నాయన మోకాళ్లకు ఆ బండి మెట్టు ఎత్తే, చిన్న స్టూలు పెట్టుకొమ్మని చెప్పు.

ఫీజు లెక్క నువ్వే వేసుకో. 2024లో పెంచినంక మారాలో విదేశీయులకు పెద్దమనిషికి రోజుకు జనవరి నుంచి జూన్ దాకా 100 డాలర్లు, జులై నుంచి డిసెంబర్ దాకా 200. మీరు నలుగురు, ఆగస్టు నెల, రెండు రోజుల టికెట్టంటే ఫీజే 1600 డాలర్లు. నువ్వు పంపిన రెండో కొటేషన్‌లో అన్నీ కలిపి చెప్పిన రేటు ఈ ఫీజుతో కుదరదు. "పార్కు ఫీజు అక్కడే కట్టుకోవాలి" అనే ముక్క కింద చిన్న అక్షరాల్లో ఉంటది, వెతుకు. టికెట్ పొద్దున 6 నుంచి సాయంత్రం 6 దాకానే. రిజర్వు లోపల బస చేస్తే వెళ్లిపోయే రోజు ఉదయం 10 లోపు గేటు దాటాలె, లేకుంటే మళ్లీ ఫీజు పడుతది. క్యాంపు గేటు బయట ఉంటే లోపలికి పోయిన ప్రతి రోజుకూ టికెట్. కాబట్టి క్యాంపు లోపలా బయటా, బయటైతే సెకెనానీ గేటా తలెక్ గేటా, గేటుకు ఎన్ని నిమిషాలు అని అడుగు. "మారా దగ్గర" అంటే ఒప్పుకోకు.

మూడో కొటేషన్‌లో నాలుగు రోజుల్లో అంబోసెలి, నకురు పార్కులు, మారా పెట్టిండు. అంబోసెలి నైరోబీకి దక్షిణాన, నకురు వాయవ్యాన. నైరోబీ నుంచి మారాకే రోడ్డు మీద అయిదారు గంటలు. జంతువులకన్నా లారీలే ఎక్కువ కనిపిస్తయి. నాలుగు రోజులుంటే మారాలోనే మూడు రాత్రులు ఉండండి. విమానంలో పోదామంటే, విల్సన్ విమానాశ్రయం నుంచి పోయే చిన్న విమానాల్లో మనిషికి 15 కిలోలే, అదీ మెత్తటి సంచిలో.

వైల్డ్‌బీస్ట్ అనే పెద్ద జింకల మందలు మామూలుగా జులై నుంచి అక్టోబర్ దాకా మారాలో ఉంటయి. కానీ ఏ పూట మారా నది దాటుతయో వాటికే తెల్వదు. "తప్పకుండ చూపిస్తం" అన్నోడి మిగతా మాటలు కూడా అట్లనే లెక్కగట్టు.

పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) టీకా సంగతి తనంతట తానే చెప్పని ఏజెంటును నమ్మకు. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలె. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తరు. కార్డు లేకుండా తిరిగొస్తే విమానాశ్రయంలో ఆపి 6 రోజుల దాకా క్వారంటైన్ పెట్టొచ్చు. 60 దాటినోళ్లకు ఈ టీకాతో ప్రమాదం కొంత ఎక్కువ, మీ అమ్మానాయనలను ముందు డాక్టర్‌కు చూపియ్యి. టికెట్లు ఆ తర్వాతనే.

పైసలు కంపెనీ ఖాతాకే, ఎవరి సొంత ఫోన్ నంబర్‌కూ పంపకు. జీఎస్టీ బిల్లు తీసుకో. టీసీఎస్ (టూరు పైసల మీద ఏజెంటు ముందే వసూలు చేసే పన్ను) పట్టుకుంటే నీ పాన్ మీద పడిందా లేదా చూసుకో, రిటర్న్‌లో లెక్కకొస్తది. ముందు నాలుగో వంతు కట్టు. మిగతాది కట్టే ముందు క్యాంపుకు నువ్వే మెయిల్ పెట్టి, మీ పేర్ల మీద ఆ తారీఖులకు డేరాలు ఖాయమైనయా అడుగు. రద్దు చేసుకుంటే ఎన్ని రోజుల ముందు ఎంత కోస్తరో, గుండెనొప్పో ఇంకోటో వస్తే నైరోబీకి విమానంలో తెచ్చే ఫ్లయింగ్ డాక్టర్స్ కవర్ ఉందో లేదో అదే కాయితం మీద రాయించు.

ఇవన్నీ రాసి ముగ్గురికీ పంపు. ఎవరు ఎన్నింటికి పేర్లతో జవాబిచ్చిండ్రో నాకు వాట్సాప్ చెయ్.

మీ పెద్దనాయన,
పాలమూరు

తా.క.: మీ అమ్మ బట్టలు పాలిథీన్ కవర్లల్ల సర్దుతది కదా, తీసేయించు. కెన్యాలో అవి 2017 నుంచి నిషేధం.