చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ వెళ్లిపోతే శిక్షణ ఆగుతుందా?

అమెరికాలో పార్ట్ 141 (ఆమోదం పొందిన పైలట్ స్కూళ్ల నిబంధనలు) కింద నడుస్తున్న మీ అమ్మాయి ఫ్లయింగ్ స్కూల్లో చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ మానేశారని, ప్రైవేట్ పైలట్ కోర్సు మధ్యలో ఆగిపోతుందేమోనని అడిగారు. వెంటనే ఆగదండి. స్కూలు ఆ మార్పును ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) స్థానిక కార్యాలయానికి తక్షణం రాతపూర్వకంగా తెలియజేసి, కొత్తవారికి ఆమోదం వచ్చేలోగా 60 రోజుల వరకు శిక్షణ కొనసాగించవచ్చు. అంతవరకు స్టేజ్ చెక్‌లను (కోర్సులో దశలవారీగా పెట్టే పరీక్షలను) అసిస్టెంట్ చీఫ్ ఉంటే ఆయనే నిర్వహించవచ్చు. గడువు దాటినా ఎవరూ రాకపోతే మాత్రం కార్యకలాపాలు ఆపి, స్కూలు తన సర్టిఫికెట్‌ను ఎఫ్‌ఏఏకు అప్పగించాలి.

‘సీనియర్ ఒకరున్నారులే’ అన్న మాటతో సరిపెట్టుకోకండి. ఈ కోర్సుకు చీఫ్ కావాలంటే పైలట్ ఇన్ కమాండ్‌గా (విమానానికి బాధ్యత వహించే పైలట్‌గా) కనీసం 1,000 గంటలతోపాటు, ప్రాథమిక శిక్షణ ఇచ్చిన అనుభవం కనీసం రెండేళ్లతోపాటు మొత్తం 500 గంటలైనా, లేదా 1,000 గంటలైనా ఉండాలి. ఎంత ఎగిరినా, నేర్పిన గంటలు తక్కువైతే చెల్లదు. కొత్త చీఫ్ ఎవరో, ఎఫ్‌ఏఏకు ఎప్పుడు తెలియజేశారో మెయిల్‌లో అడగండి. జవాబు వచ్చాకే తర్వాతి విడత ఫీజు కట్టండి.