స్కీ జంపర్ యోహన్నె గురించి రాస్తున్న మేనకోడలికి

చిట్టితల్లీ,

కాళ్లకు స్కీలనే పొడవాటి పట్టీలు కట్టుకుని మంచు వాలు మీంచి జారి దూరంగా దూకే ఆటలో రికార్డు సాధించిన నార్వే ఆవిడ యోహన్నె కోల్‌స్టాడ్ గురించి వ్యాసం రాస్తున్నానని నువ్వు ఫోన్‌లో చెప్పినప్పటి నుంచీ మనసంతా అక్కడే ఉంది. ముప్పై ఏళ్లు క్రీడల పేజీ దిద్దిన అత్తగా నాలుగు మాటలు చెప్తాను, విను.

ముందు పేరు. నార్వే వాళ్లు ‘యో’ అని పలుకుతారు. ‘జోహాన్’ అని రాశావంటే మగ పేరనుకుంటారు.

72 మీటర్లతో మొదలుపెట్టు. 1938లో ఆమె దూకిన దూరం అది, అప్పటికి ఆడవాళ్లలో ప్రపంచ రికార్డు. దూకింది బెర్లిన్‌లో, కానీ జర్మనీ బెర్లిన్ కాదు, అమెరికాలో న్యూ హాంప్‌షైర్‌లో ఉన్న ఊరు. ఇలాంటి పొరపాటే ఒకసారి నా చేతుల మీదుగా అచ్చయింది. మర్నాడు సవరణ వేసినా ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఉత్త అంకె చదివితే మనవాళ్లకు ఏం అర్థమవుతుంది? మూడున్నర క్రికెట్ పిచ్‌లు వరసగా పరిచినంత దూరం అని చెప్పు. కాళ్లకు చెక్క స్కీలు, తలకు హెల్మెట్ లేదు. అంత దూరం గాల్లో వెళ్లి మంచు వాలు మీద నిలబడాలి.

ఆమె ఒక్కతే ఎక్కడినుంచో ఊడిపడినట్టు మాత్రం రాయకు. 1911లో ఆస్ట్రియాలో పౌలా లాంబెర్గ్ పొడవాటి గౌనుతోనే 22 మీటర్లు దూకింది. 1922లో కెనడాలోని రెవెల్‌స్టోక్‌లో ఇసబెల్ కోర్సియర్ 84 అడుగులు, అంటే దాదాపు 25.6 మీటర్లు దూకింది. ఆ వరసలో పెడితేనే యోహన్నె గొప్పతనం తెలుస్తుంది.

‘ఆడదై ఉండి కూడా’ అన్న మాట నీ వ్యాసంలో ఎక్కడా కనపడకూడదు. మగవాళ్లకు 1924 నుంచే ఒలింపిక్స్‌లో ఈ ఆట ఉంది. ఆడవాళ్లకు 2014లో, రష్యాలోని సోచిలో వచ్చింది. తొంభై ఏళ్లు! 2005లో కూడా అంతర్జాతీయ స్కీ సమాఖ్య అధ్యక్షుడు జాన్ ఫ్రాంకో కాస్పర్, వైద్యపరంగా ఇది ఆడవాళ్లకు తగదన్నట్టు మాట్లాడారు. ఆ మాటను 72 మీటర్ల పక్కనే పెట్టు. నీ కోపం అక్కడ కలపకు, చదివేవాళ్లకు వాళ్ల కోపం వాళ్లకే వస్తుంది.

టెన్షన్ పడకు. రాసింది ముందు నాకు పంపు, అంకెలన్నీ ఒకసారి సరిచూసి ఇస్తాను.

ప్రేమతో,
అత్తయ్య