కూల్చకు తమ్ముడూ, ముందు సిమెంటు గీకించు
తమ్ముడూ, దేవరకొండలో మీ తాతగారి భవంతి గోడలు చెమ్మెక్కి పెచ్చులూడుతున్నాయని, చుట్టాలు కూల్చేద్దామంటున్నారని రాశావు. కూల్చకు. తప్పు గోడది కాదు, పైన వేసిన సిమెంటుది. రాయి, సున్నంతో కట్టిన గోడలోని తడి బయటికి ఆరిపోవాలి. సిమెంటు దాన్ని లోపలే పట్టి ఉంచుతుంది.

ముందు కప్పు కారకుండా చూసుకో. తర్వాత సిమెంటు మెల్లగా గీకించి, గోడ ఒక ఎండాకాలం ఆరాక సున్నం గిలాబు చేయించు. ఒక పాలు సున్నానికి మూడు పాళ్ల ఇసుక. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు కలుపుతారు. పూశాక పది రోజులైనా తడుపుతుండాలి, ఇక్కడ మాత్రం తొందరపడకు.

ఖర్చు గురించి టెన్షన్ వద్దు. మా ఇంటికి వాడకట్టు వాళ్లే ఇసుక మోశారు, ఆ రోజులు నేను మరిచిపోలేను. సున్నం పని తెలిసిన ముసలి మేస్త్రీని వెతికి, పక్కన ఇద్దరు కుర్రాళ్లను పెట్టు. పాత కట్టడాలను కాపాడే సంస్థ ఇంటాక్ ఉంది కదా, ఫొటోలు పంపి దాని హైదరాబాద్ వాళ్లను కూడా సలహా అడుగు.