ఫ్యూయల్ ఆదా అంటే ట్యాంకులో తక్కువ పోయించుకోవడం కాదు

గుంటూరు నుంచి పైలట్ ట్రైనింగ్‌కి వెళ్తున్నాననీ, సెస్నా 172 అనే చిన్న ట్రైనింగ్ విమానాన్ని తక్కువ ఫ్యూయల్‌తో, ప్రమాదం లేకుండా నడపడం ఎలాగనీ అడిగారు. మాది విజయవాడ పటమట. వేరే రాష్ట్రంలో, కార్బ్యురేటర్ ఉన్న పాత 172 మీద నేర్చుకున్నాను. నన్నడిగితే ఫ్యూయల్ మిగిల్చే అలవాట్లూ ప్రాణం కాపాడే అలవాట్లూ దాదాపు ఒకటే.

నాకిది ఒక క్రాస్ కంట్రీలో, అంటే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఎగిరే ట్రైనింగ్ ఫ్లైట్‌లో, తెలిసొచ్చింది. నాలుగున్నర వేల అడుగుల దగ్గర లెవెల్ అయ్యాక మా ఇన్‌స్ట్రక్టర్ సర్ పవర్ తగ్గించమని, "ఇప్పుడు చేతులు తీసెయ్" అన్నారు. ముక్కు మెల్లగా పైకి లేచింది. చెయ్యి ఆనించకపోయినా ఎత్తు మారనంత వరకు ట్రిమ్ చక్రం (కంట్రోల్ పట్టుకునే బరువు చేతికి లేకుండా చేసేది) కొంచెం కొంచెంగా తిప్పించారు. ఆ తర్వాత ఎర్ర మిక్స్చర్ నాబ్. దాన్ని బయటికి తిప్పితే ఇంజిన్‌కి వెళ్లే ఫ్యూయల్ తగ్గుతుంది. కళ్లు ఆర్‌పీఎం ముల్లు మీద పెట్టి నిదానంగా బయటికి తిప్పమన్నారు. ముల్లు కాస్త ఎక్కింది, ఆగింది, దిగడం మొదలవగానే ఇంజిన్ గరగరమంది. రవ్వంత లోపలికి తిప్పగానే మళ్లీ నున్నగా నడిచింది. పైన గాలి పల్చగా ఉంటుంది కాబట్టి నేల మీద ఇచ్చినంత ఫ్యూయల్ అక్కడా ఇస్తే సగంసగం మండి స్పార్క్ ప్లగ్గులకి మసి పడుతుంది. దిగేటప్పుడు మాత్రం మిక్స్చర్ మళ్లీ లోపలికి నెట్టుకుంటూ రావాలి. ఏ పవర్ దగ్గర ఎంత లాగాలో మీ విమానం హ్యాండ్‌బుక్‌లోనే ఉంటుంది, రీల్స్ చూసి నేర్చుకోవద్దు.

మన ఎండల సంగతి కూడా చెప్పాలి. గన్నవరం రన్‌వే దాదాపు సముద్రమట్టంలోనే ఉంది. అయినా వేడికి గాలి పల్చబడుతుంది కాబట్టి మే మధ్యాహ్నం 42 డిగ్రీలుంటే విమానానికి అది మూడు వేల అడుగుల పైన ఉన్నట్టే, అంటే దాదాపు బెంగళూరు ఎత్తు. టేకాఫ్‌కి రన్‌వే ఎక్కువ పడుతుంది, క్లైంబ్ నీరసంగా సాగుతుంది, ఫుల్ పవర్‌లో ఎక్కువసేపు ఉండాల్సొస్తుంది. పొద్దున్నే ఆరింటి స్లాట్ దొరికితే వదలకండి.

ఇంజిన్ స్టార్ట్ చేశాక చెక్‌లిస్ట్ కోసం తడుముకునేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇంజిన్ తిరుగుతుంటే గంటలు లెక్కపెట్టే హాబ్స్ మీటరూ తిరుగుతుంది, ఇంట్లోవాళ్లు పొలం అమ్మి కట్టిన డబ్బు పార్కింగ్‌లోనే పోతుంది. కాక్‌పిట్ పోస్టర్ గోడకి అంటించుకుని, కుర్చీలో కూర్చుని చేతులకి వరస అలవాటు చేసుకోండి. ఈ ముక్క బెంజ్ సర్కిల్ దగ్గర ప్యాకేజీలు అమ్మే ఏజెంట్లు ఒక్కరూ చెప్పరు. 200 గంటలు, లైసెన్సు, ఎయిర్‌లైన్ యూనిఫాం ఫోటో, అంతే వాళ్ల మాట. ఫ్యూయల్ రేటు పెరిగితే ఆ తేడా ఎవరు కట్టాలో కాగితం మీద రాయించుకోండి.

బరువు తగ్గుతుందని ఫ్యూయల్ తక్కువ పోయించుకునేవాళ్లున్నారు. అది ఆదా కాదు. గేజ్‌ని నమ్మకుండా మెట్టెక్కి రెక్క పైదాకా అందుకుని రెండు ట్యాంకుల్లోనూ మీరే డిప్‌స్టిక్ ముంచి చూడండి. కింద డ్రెయిన్ నుంచి తీసిన శాంపిల్‌ని వెలుతురుకి పట్టుకోండి. విమానంలో పోసే పెట్రోలు, ఆవ్‌గ్యాస్ 100ఎల్ఎల్, లేత నీలంగా ఉంటుంది, నీళ్లుంటే అడుగున బుడగలా నిలుస్తాయి. దిగేసరికి గంట ఫ్యూయల్ మిగిలి ఉండాలన్నది నా లెక్క.

ఆదా గురించి అసలు ఆలోచించకూడనిది గో అరౌండ్ (ల్యాండింగ్ మానేసి మళ్లీ పైకి లేవడం) ఒక్కటే. మరో రౌండ్ తిరిగొస్తే మూడు నాలుగు లీటర్లు ఖర్చవుతుంది. దానికి వెనకాడి, రన్‌వే వైపు చివరి మలుపు (బేస్ నుంచి ఫైనల్‌కి) ఆలస్యంగా తిరుగుతూ బ్యాంక్, అంటే రెక్క వాలు, పెంచకండి. 60 డిగ్రీల బ్యాంక్‌లో ఎత్తు నిలబెట్టబోతే స్టాల్ స్పీడ్ (ఇంతకన్నా తగ్గితే రెక్కలు విమానాన్ని మోయలేని వేగం) 41 శాతం పెరుగుతుంది, అంత కింద కోలుకోవడానికి ఎత్తుండదు.

మీ స్కూల్లో ఏ మోడల్ ఉందో ముందే కనుక్కోండి. 172ఎస్ అయితే ఫ్యూయల్ ఇంజెక్షన్, కార్బ్ హీట్ (కార్బ్యురేటర్‌కి వేడి గాలి పంపే నాబ్) ఉండదు. నాలాగా పాతది దొరికితే తేమ ఉన్న రోజుల్లో కార్బ్ హీట్ ఎప్పుడు లాగాలో మొదటి వారంలోనే అడిగి తెలుసుకోండి. బయట 20 డిగ్రీలున్నా కార్బ్యురేటర్‌లో ఐస్ కట్టొచ్చు.